డిస్‌ప్లేలో 128, చెవికి 64: ఆరో నెలలో బయటపడ్డ హార్ట్ బ్లాక్

29 ఏళ్ల గర్భిణి, తొలి కాన్పు. నిజాంపేటలో కాపురం, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. మేనరికం కాదు. బీపీ, షుగర్, థైరాయిడ్ ఏవీ లేవు. ఇరువైపులా పుట్టుకతో గుండె జబ్బు ఉన్నవాళ్లు ఎవరూ లేరు. మొదటిసారి వచ్చినప్పుడు రాసుకున్న కేస్ షీట్‌లో ఎర్ర ఇంకుతో గీత గీయాల్సిన మాట ఒక్కటీ కనిపించలేదు. దంపతుల అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

మొదటి స్కాన్ 6 వారాల 5 రోజులకు జరిగింది. పిండం గుండె నిమిషానికి 122. ఆ వయసుకు అది సరైన లెక్కే. ఆరో వారంలో 110 దగ్గర మొదలై, తొమ్మిదో వారానికి 170 దాకా పెరిగి, తర్వాత మెల్లగా తగ్గుతూ 110–160 మధ్య నిలకడ పడటం బిడ్డ గుండెకు మామూలే. 12వ వారం ఎన్‌టీ స్కాన్‌లో (బిడ్డ మెడ వెనక మందం కొలిచే స్కాన్) 158. 19వ వారం టిఫాలో (బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్) 146. నాలుగు గదులు, పెద్ద రక్తనాళాలు, లయ అన్నీ బాగున్నాయి. తర్వాత ఆ క్లిప్పులు తెప్పించుకుని మళ్లీ చూశాం. అందులో ఎవరి కంటికీ ఆనకుండా పోయిన లోపమేమీ లేదు. అప్పటికి జబ్బే మొదలు కాలేదు. టిఫా బాగుందంటే ఆ రోజుకు బాగుందనే అర్థం. ఈ మాట మా ఓపీలో రోజూ ఎవరో ఒకరికి చెప్పాల్సి వస్తుంది.

టిఫా అయిన వారానికే భర్త ఆన్‌లైన్‌లో పాకెట్ డాప్లర్ (కడుపులోని బిడ్డ గుండె చప్పుడు వినిపించే చిన్న మెషిన్) తెప్పించారు. రాత్రి భోజనాలయ్యాక పొట్ట మీద జెల్ రాసుకుని, చప్పుడు విని, స్క్రీన్ మీద కనిపించిన అంకెను ఫోన్‌లో రాసుకోవడం ఇంట్లో అలవాటైంది. సిద్దిపేట నుంచి వచ్చి కూతురి దగ్గరే ఉంటున్న తల్లి కూడా పక్కన కూర్చుని వినేవారు. 140 దాటితే ఆడపిల్ల, దాటకపోతే మగపిల్లాడు అని ఒక లెక్క కూడా వేసేశారు. (ఆ లెక్కకు ఆధారం లేదు. ఉన్నా నా నోట రాకూడదు, లింగ నిర్ధారణను నిషేధిస్తూ 1994లోనే చట్టం వచ్చింది.)

ఫోన్‌లో వాళ్లు రాసుకున్న అంకెలు ఈ కేసులో చాలా ముఖ్యం. 20, 21 వారాల్లో 145 నుంచి 152 మధ్య ఉన్నాయి. 22వ వారం సగం దాటాక ఉన్నట్టుండి 126, 128, 130, 128. మధ్యలో ఒక రోజు 141. అన్నీ 110–160 లోపలే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. వచ్చే అవకాశమూ లేదు. బిడ్డ కూడా బాగా కదులుతోంది.

23 వారాల 2 రోజులకు రొటీన్ చెకప్‌కు వచ్చారు. బరువు, బీపీ అయ్యాక సిస్టర్ డాప్లర్ పెట్టారు. డిస్‌ప్లేలో ముందు 65, వెంటనే 130, మళ్లీ 65, తర్వాత ఉత్త గీతలు. "మేడం, అమ్మ పల్స్ వస్తున్నట్టుంది" అన్నారు సిస్టర్. ఆ అనుమానం సబబే. ప్రోబ్ (పొట్ట మీద ఆనించే భాగం) కాస్త పక్కకు వాలితే తల్లి రక్తనాళాల చప్పుడే దొరుకుతుంది, అంకె వందలోపే ఉంటుంది. పదిసార్లలో తొమ్మిదిసార్లు జరిగేది అదే. అది తేల్చే పద్ధతి కూడా తేలికే. ఒక చేత్తో ప్రోబ్ కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో తల్లి మణికట్టు దగ్గర నాడి చూడాలి. చూశాను. ఆమె నాడి 88. స్పీకర్‌లో వస్తున్న చప్పుడును గోడ గడియారం చూస్తూ పూర్తి నిమిషం లెక్కపెట్టాను, 64. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ పొంతన లేదు. అంటే ఆ 64 తల్లిది కాదు.

ఆరోగ్యంగా ఉన్న బిడ్డ గుండె డాప్లర్‌లో గుర్రం పరుగెత్తినట్టు వినిపిస్తుంది. ఇక్కడ ఆ పరుగు లేదు. ఒక బరువైన దెబ్బ, ఖాళీ, మళ్లీ ఒక బరువైన దెబ్బ. చెవి దగ్గర పెట్టుకుని వింటే ఆ ఖాళీలో సన్నగా, ఆ దెబ్బతో సంబంధం లేకుండా, ఇంకో చిన్న చప్పుడు కొట్టుకుంటోంది. డిస్‌ప్లే మాత్రం ఆ సమయానికి మళ్లీ 128 చూపించింది.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే చాలామంది డాప్లర్ గుండె చప్పుడును స్టెతస్కోప్‌లాగా వింటుందనుకుంటారు. అది వినదు. చెవికి అందని శబ్ద తరంగాలను లోపలికి పంపి, కదులుతున్న గుండె గోడల నుంచి, వాల్వుల నుంచి, రక్తం నుంచి తిరిగొచ్చే తరంగాల్లో తేడాను చప్పుడుగా మార్చి వినిపిస్తుంది. ఒక్క గుండె దెబ్బలో కదలికలు చాలా ఉంటాయి. పై గదులు ముడుచుకోవడం, వాల్వులు తెరుచుకోవడం, కింది గదులు ముడుచుకోవడం, వాల్వులు మూసుకోవడం. ఈ సిగ్నల్ ఎంతసేపటికోసారి మళ్లీ అదే ఆకారంలో వస్తోందో పోల్చి చూసి మెషిన్ రేటు కడుతుంది. గుండె బాగా నెమ్మదిగా కొట్టుకుంటున్నప్పుడు ఒకే దెబ్బలోని రెండు కదలికలను రెండు దెబ్బలుగా లెక్కేసుకోవచ్చు. అప్పుడు 64 కాస్తా 128 అవుతుంది, అంటే చూడటానికి చక్కటి నార్మల్. దీనికి వ్యతిరేకంగా కూడా జరుగుతుంది. గుండె 240 దాటి పరిగెడుతుంటే సగం చేసి 120 చూపించవచ్చు. ఇది చవక మెషిన్లకే పరిమితమైన జబ్బు కాదు, లేబర్ రూమ్‌లో ఉండే పెద్ద సీటీజీ మెషిన్లు (బిడ్డ గుండె వేగాన్ని గీతగా గీసేవి) కూడా ఈ పని చేస్తాయి.

వాళ్ల ఫోన్‌లోని 126, 128, 130 ఇలా వచ్చినవే అయ్యుంటాయి. ఆ ఒక్క 141 మాత్రం వేరే కథ కావచ్చు. దాని సంగతి కింద చెబుతాను.

తల్లిది కాదని తేలాక రెండో ప్రశ్న, ఈ నెమ్మదితనం నిలిచి ఉండేదా, క్షణికమా? ఐదు, ఆరు నెలల్లో ప్రోబ్ గట్టిగా నొక్కినా బిడ్డ గుండె కొన్ని సెకన్ల పాటు మందగించి, మళ్లీ పుంజుకుంటుంది. దానికి కంగారు పడక్కర్లేదు. ఆమెను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, ప్రోబ్ తీసేసి, మంచినీళ్లు తాగమని కాసేపాగి మళ్లీ విన్నాను. 64. మా స్కాన్ మెషిన్‌లోనే గుండె మీదుగా ఎం-మోడ్ గీత వేసి చూశాం. ఆ గీత పై గదినీ, కింది గదినీ కలిపి దాటేలా పెడితే రెండూ ఎప్పుడెప్పుడు ముడుచుకుంటున్నాయో ఒకే చిత్రంలో కనిపిస్తుంది. పై గది చకచకా కొట్టుకుంటోంది, కింది గది దాని మానాన అది మెల్లగా కొట్టుకుంటోంది. అదే రోజు సాయంత్రానికి పిల్లల గుండె డాక్టర్ దగ్గర ఫీటల్ ఎకోకు (కడుపులోని బిడ్డ గుండెకు చేసే స్కాన్) పంపాం.

ఆరో నెల బిడ్డ గుండె అరవైల్లో ఉంటే మనసులో పెట్టుకోవాల్సినవి ముఖ్యంగా మూడు. మొదటిది, పై గదుల్లో ముందుగా పుట్టే అదనపు దెబ్బలు కిందికి దిగకుండా ఆగిపోవడం. రేటు 60–80 ఉంటుంది, చూడటానికి అచ్చం హార్ట్ బ్లాక్‌లాగే (పై గదుల కరెంట్ కింది గదులకు దాటని జబ్బు) ఉంటుంది, కానీ చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. దీన్ని హార్ట్ బ్లాక్ అనుకుని స్టెరాయిడ్లు మొదలుపెడితే చేజేతులా చేసిన అన్యాయం. తేడా పై గదుల లయలో ఉంటుంది. అదనపు దెబ్బలైతే పై గదులు జంటలు జంటలుగా, దగ్గర-దూరం, దగ్గర-దూరం అన్నట్టు ముడుచుకుంటాయి. హార్ట్ బ్లాక్‌లో సమాన దూరాల్లో ముడుచుకుంటాయి. రెండోది, గుండెలో కరెంట్ పుట్టే చోటే నెమ్మదించడం. అప్పుడు పైనా కిందా రెండూ నెమ్మదిగానే ఉంటాయి. లాంగ్ క్యూటీ అనే వంశపారంపర్య జబ్బు ఇలా బయటపడవచ్చు. మూడోది కంప్లీట్ హార్ట్ బ్లాక్, అంటే ఆ కరెంట్ అసలే దాటకపోవడం.

ఎకో రిపోర్ట్‌లో పై గదులు 142, సమాన దూరాల్లో. కింది గదులు 62. రెండింటికీ పొత్తు లేదు. గుండె నిర్మాణంలో లోపం లేదు, పంపింగ్ బాగుంది, పొట్టలో గానీ ఛాతీలో గానీ నీరు చేరలేదు. కంప్లీట్ హార్ట్ బ్లాక్ ఖాయమైంది. ఇంట్లో ఆ రోజు వచ్చిన 141 బహుశా పై గదుల రేటే. ప్రోబ్ ఆ కోణంలో తగిలి ఉంటుంది. ఒకే గుండెలో మూడు అంకెలు, 64, 128, 141. బిడ్డ ఒంటికి రక్తం పంపేది మాత్రం ఆ 64.

సజీవంగా పుట్టే 15,000–20,000 మంది పిల్లల్లో ఒకరికి వచ్చే జబ్బు ఇది. గుండె నిర్మాణం బాగున్నప్పుడు కారణం చాలావరకు తల్లి రక్తంలోనే ఉంటుంది. యాంటీ-రో, యాంటీ-లా అనే యాంటీబాడీలు మాయ దాటి బిడ్డలోకి వెళ్లి, పై గదుల నుంచి కింది గదులకు కరెంట్ దాటే ఏవీ నోడ్‌ను వాపుతో మొదలుపెట్టి మచ్చగా మార్చేస్తాయి. ఎక్కువగా 18–24 వారాల మధ్య జరుగుతుంది. అందుకే టిఫా మంచిగా ఉండి, నాలుగు వారాల్లో ఇలా మారింది. ఈ యాంటీబాడీలున్న తల్లుల్లో నూటికి ఇద్దరి బిడ్డలకే బ్లాక్ వస్తుంది. ఆ తల్లుల్లో చాలామందికి తమకు జబ్బున్న సంగతే తెలియదు.

ఈమెకూ తెలియదు. రిపోర్ట్ వచ్చే లోపు మళ్లీ కూర్చోబెట్టి అడిగాను. కళ్లు మండుతుంటాయి, ఇసుక పడ్డట్టుంటుంది, రెండేళ్ల నుంచి మెడికల్ షాపులో కళ్ల చుక్కలు కొని వేసుకుంటున్నారు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే వాళ్లకు ఇది మామూలే అని ఆమె అనుకున్నారు, ఆఫీసులో సగం మందికి అదే కథ. చపాతీ తినాలంటే మధ్యమధ్యలో నీళ్లు తాగాలి. పళ్లు తరచూ పుచ్చుతున్నాయని రెండుసార్లు రూట్ కెనాల్ అయింది. పొట్టతో ఉన్న మనిషిని కళ్ల గురించి, పళ్ల గురించి ఎవరడుగుతారు? యాంటీ-రో గట్టి పాజిటివ్, యాంటీ-లా పాజిటివ్ వచ్చాయి. రుమటాలజిస్ట్ (కీళ్ల, రోగనిరోధక జబ్బుల డాక్టర్) చూసి షోగ్రెన్స్ అని తేల్చారు, ఒంటి రక్షణ వ్యవస్థే కన్నీటి, లాలాజల గ్రంథులను దెబ్బతీసే జబ్బు అది.

ఇంట్లోవాళ్లతో మాట్లాడటం ఈ కేసులో అన్నిటికంటే కష్టమైన భాగం. ఎందుకంటే అందరికీ కళ్ల ముందు బిడ్డ బాగానే ఉంది. "బిడ్డ మంచిగనే తంతున్నది గద మేడం, మరి గుండె ఎందుకు మెల్లగైంది?" అని అడిగారు ఆమె తల్లి. కరెంట్ దారి తెగింది, గుండె కండరం మాత్రం ప్రస్తుతానికి తట్టుకుంటోందని చెప్పాను. భర్త ప్రశ్న సూటిగా ఉంది: "ఇది తగ్గుతుందా?" తగ్గదు. పూర్తిగా బ్లాక్ అయ్యాక మళ్లీ దారి కలవదు. ఈ ముక్క మొదటి రోజే చెప్పేయాలని నా అభిప్రాయం. అందమైన మాటలతో వాయిదా వేస్తే వాళ్లు ఇంకో నలుగురు డాక్టర్ల చుట్టూ తిరుగుతారు. చెప్పాల్సిన రెండో సగం కూడా అప్పుడే చెప్పాం. రేటు 55 పైన ఉంది, నీరు చేరలేదు, నిర్మాణం బాగుంది, ఇలాంటి బిడ్డలు ఎక్కువమంది పుట్టి బతుకుతారు, పేస్‌మేకర్ అవసరం పడుతుంది. గర్భిణి మాత్రం ఒకటే పట్టుకున్నారు, "నా ఒంట్లోంచే పోయిందా?" అని. దానికి జవాబు ఒక్క విజిట్‌లో అయ్యేది కాదు. తర్వాత ప్రతిసారీ కాస్త కాస్త మాట్లాడాం.

మందుల విషయంలో డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. మాయ దాటి బిడ్డకు చేరే స్టెరాయిడ్ డెక్సామెథసోన్. ప్రెడ్నిసొలోన్‌ను మాయ చాలావరకు విరిచేస్తుంది కాబట్టి దీనికి పనికిరాదు. పూర్తి బ్లాక్‌ను డెక్సామెథసోన్ వెనక్కి తిప్పదు. ఉమ్మనీరు తగ్గడం, బిడ్డ ఎదుగుదల మందగించడం, తల్లికి షుగర్ రావడం మాత్రం నిజమైన ప్రమాదాలు. గుండె లోపలి పొర తెల్లగా మెరవడం, నీరు చేరడం, పంపింగ్ తగ్గడం లాంటివి కనిపిస్తే వాడదాం, లేకపోతే వద్దు అని ముగ్గురు డాక్టర్లం ఒక మాట మీదికొచ్చాం. రేటు 55 కంటే కిందికి దిగితే గుండె వేగం పెంచే టెర్బుటలిన్ ఆలోచిద్దామనుకున్నాం. ఆ అవసరం రాలేదు. తల్లి జబ్బు కోసం రుమటాలజిస్ట్ హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు మొదలుపెట్టారు.

ఇక మానిటరింగ్. మామూలు గర్భిణికి వాడే పనిముట్లలో సగం ఇక్కడ తప్పుదోవ పట్టిస్తాయి. సీటీజీలో బిడ్డ బాగోగులు చెప్పేది గుండె రేటు ఎక్కి దిగడమే. ఇక్కడ కింది గదులు తమ సొంత వేగంతో కొట్టుకుంటాయి, బిడ్డ కదిలినా నిద్రపోయినా గీత 60 దగ్గర అడ్డంగా సాగుతుంది. బొడ్డుతాడు డాప్లర్‌లో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టి చివర్లో ప్రవాహం తగ్గినట్టు కనిపిస్తుంది, మాయ పాడైందని పొరబడే అవకాశముంది. డక్టస్ వీనోసస్‌లో (బొడ్డుతాడు రక్తాన్ని గుండె వైపు తీసుకెళ్లే నాళం) ఇంకా గందరగోళం, మూసుకున్న వాల్వు మీద పై గది ముడుచుకున్నప్పుడల్లా రక్తం వెనక్కి తంతుంది. అందుకని మేం నమ్ముకున్నవి వేరు. మొదట్లో వారం వారం, తర్వాత రెండు వారాలకోసారి ఎకో. గుండె సైజు, వాల్వుల లీకు, నీరు, కింది గదుల రేటు. 28 వారాల నుంచి భోజనం తర్వాత పక్కకు పడుకుని కదలికల లెక్క, రెండు గంటల్లో పది. 30 దాటాక బిడ్డ ఊపిరి కదలికలు, ఒళ్లు విరుచుకోవడం, కండరాల పట్టు, ఉమ్మనీరు కలిపి చూసే స్కాన్, ఎన్‌ఎస్‌టీ (సీటీజీ గీతతో చేసే పరీక్ష) లేకుండా ఎనిమిదికి ఎన్ని మార్కులో చూడటం. ఇంట్లో డాప్లర్‌ను అల్మారాలో పెట్టేయమన్నాను. అది చెప్పగలిగేదేమీ మిగల్లేదు.

ఫైల్ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఒక నోట్ పెట్టాం. "బిడ్డకు కంప్లీట్ హార్ట్ బ్లాక్ ఉంది. గుండె రేటు 60 ఉండటం ఈ బిడ్డకు కొత్త కాదు. సీటీజీ చూసి ఆపరేషన్ నిర్ణయించవద్దు. స్కాన్‌లో కదలికలు, నీరు చూసి ఫోన్ చేయండి." అదే ఫొటో భర్త ఫోన్‌లో కూడా. 33వ వారంలో ఒక అర్ధరాత్రి కదలికలు తగ్గినట్టనిపించి ఇంటికి దగ్గర్లోని ఆస్పత్రికి వెళ్లారు. సీటీజీ పెట్టగానే గీత 58. డ్యూటీ డాక్టర్ థియేటర్ సిద్ధం చేయించారు. ఆ స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. భర్త ఫోన్ తీసి నోట్ చూపించారు. ఆవిడ చదివి నాకు ఫోన్ చేశారు. స్కాన్ చేస్తే ఎనిమిదికి ఎనిమిది. పొద్దున దాకా ఉంచుకుని పంపించారు. నెల ముందే పుట్టాల్సిన బిడ్డ కడుపులోనే ఉండిపోయింది. హార్ట్ బ్లాక్ ఉన్న బిడ్డకు నెల తక్కువ కావడం కూడా తోడైతే గండం రెట్టింపవుతుంది.

కాన్పు 37 వారాలు నిండాక, పిల్లల గుండె సర్జరీ, ఎన్‌ఐసీయూ ఒకే కప్పు కింద ఉన్న ఆస్పత్రిలో. ఈ జబ్బులో నార్మల్ డెలివరీ జరగకూడదని కాదు, కొన్ని చోట్ల చేస్తారు. కానీ నొప్పుల్లో బిడ్డ అలసిపోతున్న సంగతి తెలిపే గీత మన చేతిలో లేనప్పుడు సిజేరియనే నయమనుకున్నాం. ఆడపిల్ల, 2.6 కిలోలు, పుట్టగానే ఏడ్చింది. రేటు 58. గుండె వేగం పెంచే ఐసోప్రినలిన్ సిద్ధంగా పెట్టుకున్నారు. మొదటి మూడు రోజులు పాలు బాగా తాగింది. ఐదో రోజు నిద్రలో రేటు 50 కిందికి దిగడం, పాలు తాగుతూ చెమటలు పట్టడం మొదలైంది. గుండె పైపొర మీద వైర్లు కుట్టి, పొట్ట గోడలో బ్యాటరీ పెట్టి పేస్‌మేకర్ వేశారు. నుదుటి మీద, కళ్ల చుట్టూ ఎర్రటి మచ్చలు కొన్ని వచ్చాయి. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు కరిగిపోయేకొద్దీ కొన్ని నెలల్లో పోయాయి. కాలేయం, ప్లేట్‌లెట్లు బాగున్నాయి. పోయిన కరెంట్ దారి మాత్రం తిరిగి రాదు. ఎదిగేకొద్దీ బ్యాటరీ, వైర్లు మార్చుకుంటూ ఉండాలి.

మా ఓపీలో దీని తర్వాత ఒక పద్ధతి గట్టిగా అమలు చేస్తున్నాం. కేస్ షీట్‌లో బిడ్డ గుండె రేటు పక్కన తల్లి నాడి కూడా రాయాలి, రేటు చెవితో లెక్కపెట్టి రాయాలి. పేట్లబురుజు ప్రసూతి ఆస్పత్రిలో పీజీ చేసేటప్పుడు చెక్క గొట్టం చెవికి ఆనించి లెక్కపెట్టించేవారు, 1895లో ఫ్రెంచి డాక్టర్ పినార్డ్ తయారుచేసినలాంటిదే. దానికి డిస్‌ప్లే లేదు కాబట్టి అబద్ధం చెప్పే అవకాశమూ లేదు. కొత్తగా వచ్చిన సిస్టర్లు మొదట్లో విసుక్కుంటారు, నిమిషం పాటు ఎవరు నిలబడతారు మేడం అని. నిలబడాలి.

రెండో బిడ్డ గురించి దంపతులు అడిగారు. ఒకసారి బ్లాక్ వచ్చిన తల్లికి మళ్లీ వచ్చే అవకాశం నూటికి 16–18. హైడ్రాక్సీక్లోరోక్విన్ రోజుకు 400 మిల్లీగ్రాములు, పదో వారంలోపే మొదలుపెట్టి వాడిన తల్లుల్లో అది 7–8కి తగ్గిందని 2020లో అచ్చయిన అధ్యయనం చెబుతోంది. 16 నుంచి 26 వారాల వరకు తరచూ ఎకో చేసి, పై గది నుంచి కింది గదికి కరెంట్ దాటడానికి పట్టే వ్యవధి కొలవాలి. పాకెట్ డాప్లర్‌కు కూడా అక్కడ ఒక పని ఉంది. యాంటీ-రో ఉన్న తల్లులకు ముందే నేర్పించి, రోజుకు రెండు మూడుసార్లు ఇంట్లో లయ వినమని, తప్పినట్టు అనిపించిన గంటల్లోనే ఎకోకు రమ్మనే పద్ధతి అమెరికాలో పరిశోధనల్లో వాడుతున్నారు. బ్లాక్ పూర్తికాక ముందు దొరికితే మందు పని చేసే అవకాశం ఉండొచ్చన్న ఆశతో. అక్కడ తల్లి వినేది లయను, చూసేది స్క్రీన్‌ను కాదు.

వాళ్లింకా ఏమీ అనుకోలేదు. హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు ఆపొద్దనీ, అవి వాడేవాళ్లకు అవసరమైన కంటి రెటీనా పరీక్ష వాయిదా వేయొద్దనీ, అనుకున్నప్పుడు గర్భం నిలవక ముందే ఒకసారి వచ్చి కలవమనీ చెప్పాను.